2009 సీఆర్‌వీ 2.4 మాన్యువల్‌కి సూపర్‌ఛార్జర్ పెట్టాలనుకుంటున్నా... రోజూ ఆఫీసుకి తిరిగే బండి, సలహాలు కావాలి

సీఆర్‌వీ_సీమ:

అందరికీ నమస్తే అన్నా. బండి 2009 హోండా సీఆర్‌వీ, 2.4 లీటర్ కే24 ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్, ఫోర్ వీల్ డ్రైవ్. మా నాయన కొన్న బండి, 2024లో ఎఫ్‌సీ అయ్యి ఆర్‌సీ ఇంకో ఐదేండ్లకి రెన్యూవల్ అయింది, అమ్మే ప్రసక్తే లేదు. రోజూ బెంగళూరులో కేఆర్ పురం నుంచి బెళ్ళందూరు ఆఫీసుకి ఇదే, నెలకోసారో రెండు నెలలకోసారో ప్రొద్దుటూరుకి పోతాం, హోస్కోటె, చింతామణి, మదనపల్లె, రాయచోటి రూట్‌లో. పోయేటప్పుడు బాగనే ఉంటాది, వచ్చేటప్పుడే సమస్య, కడప దాటి గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు అమ్మ, ఇంటామె, ఇద్దరు పిల్లోళ్ళు, డిక్కీ నిండా బియ్యం మూట దగ్గర్నుంచి పచ్చడి జాడీల దాకా, ఏసీ ఫుల్లు, ముందర లారీ ఒకటి ఎక్కలేక ఎక్కతా ఉంటే నాకు ఓవర్‌టేక్ చేసే దమ్ము బండిలో కనపడ్డంల్యా. పేపర్ మీద 161 పీఎస్ అంట, 218 న్యూటన్ మీటర్లంట, యాడికి పోతాండాయో అవన్నీ.

దుబాయ్‌లో మా బామ్మర్ది ఒక వాడిన బ్లోయర్ (సూపర్‌ఛార్జర్‌నే అట్లంటారు, ఇంజన్లోకి గాలి నొక్కి పంపేది) చూసినాడు, రూట్స్ టైప్, రేటు కూడా పర్వాలేదు. వాడేమో 10 పీఎస్‌ఐ బూస్ట్ (అదనంగా నొక్కే గాలి ఒత్తిడి) పెట్టు బావా, పిస్టన్లు ఫోర్జ్‌డ్ (గట్టి రకం) వేయించు, ఇంక చూస్కో అంటాడు. నాకు అంత దూకుడు వద్దు కానీ చేస్తే ఒకేసారి సరిగ్గా చేసేద్దామని ఉంది. రూట్స్ మంచిదా సెంట్రిఫ్యూగల్ మంచిదా, ఇంజన్ విప్పాల్నా వద్దా, ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) పిగ్గీబ్యాక్ (దానికి తగిలించే చిన్న పెట్టె) చాలా లేక స్టాండలోన్ (దాని బదులు పెట్టే వేరే కంప్యూటర్) వేయాల్నా, అన్నిటికన్నా ముఖ్యం సిల్క్ బోర్డ్ లాంటి ట్రాఫిక్‌లో గంట నిలబడినా వేడెక్కకుండా ఉంటాదా? బడ్జెట్ నాలుగైదు లక్షలు అనుకున్నా. ఇప్పుడు బండికి 235/70 ఆర్17 ఆల్ టెర్రైన్ టైర్లు ఉన్నాయి, మిగతాదంతా స్టాకే. దయచేసి "అమ్మేసి ఇంకోటి కొనుక్కో" అని మాత్రం అనొద్దండి.

ఓఆర్‌ఆర్_బాధితుడు:

అమ్మేసి ఇంకోటి కొనుక్కో భయ్ 😄

జోక్ పక్కకి పెడితే, ఐదు లక్షలు నీ బండి మార్కెట్ విలువ కంటే ఎక్కువైతయేమో చూస్కో. గా పైసలకి నీ సీఆర్‌వీ ఇచ్చి మీద కొంచెం వేస్తే సెకండ్ హ్యాండ్‌లో కంపెనీ నుంచే టర్బో పెట్టి వచ్చిన ఎస్‌యూవీ వస్తది, వారంటీ గిట్ల ఉంటే ఇంకా మంచిది. బెళ్ళందూరు ట్రాఫిక్‌ల ఎంత హార్స్‌పవర్ ఉన్నా ఆటో ఎనకాల్నే పోవాలె కదా. కానీ నాయన బండి అంటున్నవ్, గందుకే ఇంక ఎక్కువ మాట్లాడ.

పిస్టన్_పంతులు:

నేను ఇంజన్ కాలిబ్రేషన్ పనిలోనే ఉన్నానండి, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపికుంటే చదవండి.

ముందు మీ 161 పీఎస్ ఎటు పోయిందో చెప్తా. అది 5,800 ఆర్‌పీఎం దగ్గర వచ్చే లెక్క, టార్క్ 4,200 దగ్గర. పైగా అది సముద్ర మట్టం లెక్క. బెంగళూరు దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి పీడనం 13.2 పీఎస్‌ఐ దగ్గర, కింద 14.7. అంటే పది శాతం గాలే తక్కువ, మీ ఇంజన్ ఇక్కడ 145 దగ్గర ఆడుతున్నట్టు.

ఇప్పుడు అసలు విషయం, దీన్ని చాలామంది వదిలేస్తారు. సూపర్‌ఛార్జర్ బెల్టు మీద తిరిగిద్ది, పుల్లీ సైజు ఒకసారి ఫిక్స్ చేశాక అది ఇచ్చేది ఇన్ని పీఎస్‌ఐ అని కాదు, బయట ఉన్న గాలిని ఇన్ని రెట్లు చేసిద్ది, అంతే. సముద్ర మట్టంలో 6 పీఎస్‌ఐ ఇచ్చే పుల్లీ అంటే దాదాపు 1.41 రెట్లు. అదే పుల్లీ బెంగళూరులో గేజ్ మీద 5.4 చూపిచ్చిద్ది, కడపలో 5.9 చూపిచ్చిద్ది. అర పీఎస్‌ఐ తేడాకే ఇంత గొడవా అనొద్దు, మానిఫోల్డ్ లోపల మొత్తం పీడనం చూడండి, ఇక్కడ 18.6, కడపలో 20.3. సిలిండర్‌లోకి పోయే గాలి తొమ్మిది పది శాతం ఎక్కువ. మీరు బెంగళూరులో డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేయిస్తే ఆ మ్యాప్‌లో (ఏ ఒత్తిడికి ఎంత ఇంధనం, ఎప్పుడు స్పార్క్ అని ఉండే పట్టికలో) 20 పీఎస్‌ఐ గడుల్లోకి బండి అసలు వెళ్ళనే వెళ్ళదు, ట్యూనర్ అక్కడ చూసి నింపింది ఏమీ ఉండదు, అంచనా మీద నింపిందే. ఇంక ఆ గడులు మొదటిసారి వాడేది ఎక్కడా? మే నెల మధ్యాహ్నం, 42 డిగ్రీల్లో, గువ్వలచెరువు ఎక్కేటప్పుడు, ఐదుగురి బరువుతో. డైలీ బండికి ట్యూన్ చేయాల్సింది పొద్దున్న ఏడింటికి ఫ్యాన్ ముందు పెట్టిన డైనో కోసం కాదండి, ఆ ఘాట్ కోసం.

వేడి లెక్క కూడా చూడండి. బానెట్ కింద 45 డిగ్రీల గాలి పీల్చుకుంటే, 1.41 రెట్లు నొక్కేసరికి 70 శాతం ఎఫిషియెన్సీ ఉన్న మంచి కంప్రెసర్‌కి కూడా బయటికొచ్చేసరికి 90 దాటిద్ది. పాత రకం రూట్స్ అయితే 55 శాతం దగ్గరే ఉంటయ్, అప్పుడు 105. ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచేది) లేకుండా ఆ గాలి లోపలికి పోతే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) రాకుండా ఉండాలంటే స్పార్క్ టైమింగ్ ఎంత వెనక్కి లాగాలంటే చివరికి మీకు మిగిలే పవర్‌కి ఇంత ఖర్చు ఎందుకా అనిపిచ్చిద్ది.

ఇంక రూట్సా సెంట్రిఫ్యూగలా. మీ ఫిర్యాదు 2,000 నుంచి 3,000 మధ్య లాగట్లేదని అయితే రూట్స్ లేదా ట్విన్ స్క్రూనే కరెక్ట్, అవి కింద నుంచే బూస్ట్ ఇస్తయ్. సెంట్రిఫ్యూగల్‌కి బూస్ట్ ఆర్‌పీఎం స్క్వేర్ మీద పెరిగిద్ది, 6,500 దగ్గర 6 పీఎస్‌ఐ వచ్చే సెటప్ 3,250 దగ్గర ఒకటిన్నరే. కానీ కే24లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ ముందు వైపు, రేడియేటర్ వైపు ఉంటది, ఎగ్జాస్ట్ ఫైర్‌వాల్ వైపు. అంటే రూట్స్ యూనిట్ మానిఫోల్డ్ ప్లేస్‌లో కూర్చోవాలి, సరిగ్గా రేడియేటర్ ఫ్యాన్ వేడి గాలి వదిలే చోట. బామ్మర్దిగారు చూసిన బ్లోయర్ వేరే ఇంజన్‌ది అయితే మానిఫోల్డ్, బ్రాకెట్లు, బెల్టు లైన్ అన్నీ కొత్తగా తయారు చేయాలి, రేటు తక్కువ అని చూసింది బ్లోయర్‌కి మాత్రమే. ఇనపముక్క అందరికీ దొరికిద్ది, అది ఆ ఇంజన్ మీద సరిగ్గా కూర్చోవడమే ఖరీదు.

పిస్టన్లు: మీ ఇంజన్ కంప్రెషన్ 9.7. 5-6 పీఎస్‌ఐకి ఇంజన్ విప్పొద్దు, నాకింగ్ రానియ్యకపోతే స్టాక్ పిస్టన్లు మోస్తయ్. 10 పీఎస్‌ఐ అంటే ఫోర్జ్‌డ్ పిస్టన్, రాడ్, క్లచ్, ఫ్యూయల్ పంప్, అదొక వేరే బండి, అదొక వేరే బడ్జెట్. పిగ్గీబ్యాక్ వద్దు, ఇగ్నిషన్ టైమింగ్ మీద పూర్తి పట్టు ఉండే స్టాండలోన్ వేయండి, వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, ఇంధనం పాళ్ళు చూపేది) ఒకటి శాశ్వతంగా ఉంచేయండి.

సీఆర్‌వీ_సీమ:

పంతులు గారూ మీకు దండం. కడప వైపు ఎక్కువ బూస్ట్ వస్తాదనే సంగతి నాకు తట్టనే లేదు, నేనేమో ఇక్కడ ట్యూన్ చేపిస్తే ఊర్లో కూడా అంతే అనుకుంటి. ఇంకో డౌటు, పెట్రోల్ సంగతి ఏంది? ఇక్కడైతే 100 ఆక్టేన్ దొరుకుతాది, రాయచోటిలో బంకులో మామూలు పెట్రోలే కొట్టియ్యాల. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చినాక పాత బండ్లకి ఇబ్బంది అంటాండారు, అది బూస్ట్‌కి మంచిదా చెడ్డా?

పిస్టన్_పంతులు:

రెండూనండి. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు వేడి బాగా లాక్కుంటది, నాకింగ్ విషయంలో మంచిదే. కానీ కేజీ పెట్రోల్‌కి 14.7 కేజీల గాలి సరిపోతే కేజీ ఇథనాల్‌కి 9 చాలు, అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. 20 శాతం కలిస్తే దాదాపు ఎనిమిది శాతం ఎక్స్‌ట్రా. మీకు క్రాంక్ దగ్గర 200 చిల్లర హార్స్‌పవర్ అనుకుంటే ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 410 సీసీ ఇవ్వాలి, ఈ20కి 445 అనుకోండి, కాబట్టి 500 దగ్గర ఏదో ఒకటి చూసుకోండి, మరీ పెద్దవి వేస్తే ఐడిల్ గజిబిజి అయిద్ది. మీ బండి 2009 మోడల్, ఈ20 కోసం చేసిన పైపులు, సీళ్ళు కాదు, ఎలాగూ పంప్ మార్చేటప్పుడు రబ్బరు హోసులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించేయండి. 100 ఆక్టేన్ మీద మాత్రం ట్యూన్ చేయించొద్దు. రాయచోటి బంకులో దొరికేదే మీ బండి తాగేది, దాని మీదే మ్యాప్.

జేసీరోడ్_బాబాయ్:

పంతులు చెప్పిందంతా కరెక్టే, కానీ లెక్కల్లో పడి నాయనా నువ్వు రాసిన ఒక ముక్క ఎవరూ చూడలా. 235/70 ఆర్17 టైర్లు అన్నావు. ఆ బండికి కంపెనీ సైజు 225/65 ఆర్17. మొదటిది 724 మిల్లీమీటర్లు ఎత్తు, నీది 761. ఐదు శాతం పెద్దది. అంటే ప్రతి గేర్లోనూ ఐదు శాతం లాగుడు నువ్వే తీసి పక్కన పెట్టినావు, పైగా ఆల్ టెర్రైన్ టైరు బరువు. ఘాట్‌లో మూడో గేర్ మోయలేక రెండో గేర్‌కి పోతాంటే బండి అరుస్తాంది అనుకుంటావు, నిజానికి గేరింగే చెడింది. పాత సైజు వేసి ఒకసారి ఊరికి పోయిరా, పైసా బూస్ట్ లేకుండా తేడా తెలుస్తాది.

తర్వాత ఇంజన్ ఆరోగ్యం. 2009 కే24 అంటే నేను చూసేవి నాలుగు. పొద్దున చల్ల స్టార్ట్‌లో ఒక సెకను గరగరమంటే వీటీసీ యాక్చుయేటర్ (వాల్వ్ టైమింగ్ మార్చే భాగం) పోయింది. చైన్ సాగిందేమో చూడాల. వాల్వ్ క్లియరెన్స్, ఈ ఇంజన్లో హైడ్రాలిక్ టాపెట్లు లేవు, స్క్రూ అడ్జస్ట్‌మెంటే, చాలామంది ఆయిల్ మారుస్తా వస్తారు గానీ దాన్ని ముట్టరు, అది తప్పితే కాంప్రెషన్ పడిపోతాది. నాలుగోది క్యాట్ (సైలెన్సర్ పైపులో పొగని శుభ్రం చేసే కన్వర్టర్), పదిహేనేండ్ల బండిలో అది లోపల కూలి సగం అడ్డం పడి ఉండొచ్చు, అడ్డం పడ్డ ఎగ్జాస్ట్ మీద బూస్ట్ వేస్తే వేడి యాడికి పోతాది, వాల్వుల మీదికే. కంప్రెషన్ టెస్ట్‌తో ఆగొద్దు, లీక్‌డౌన్ (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత కారిపోతాందో చూసే టెస్ట్) చెయ్యి. నాలుగు సిలిండర్లు దగ్గరదగ్గరగా ఉంటేనే ముందుకి పో, లేకపోతే ఆ ఐదు లక్షల్లో కొంత రిపేరుకి పెట్టు, బండి నీ నాయన ఇచ్చినప్పటిలా అవుతాది.

నేను పంతులుతో ఒప్పుకోనిది రూట్స్ సంగతి. రోజూ ఓఆర్‌ఆర్‌లో (ఔటర్ రింగ్ రోడ్డులో) నిలబడే బండికి నేనైతే సెంట్రిఫ్యూగలే అంటా. రేడియేటర్ వెనక వేడిలో కూర్చోదు, పక్కన ఆల్టర్నేటర్ వైపు బ్రాకెట్ మీద కూర్చుంటాది, పైపు ముందరికి తెచ్చి బంపర్ వెనక గాలి తగిలే చోట ఇంటర్‌కూలర్ పెట్టుకోవచ్చు, ట్రాఫిక్‌లో కింద ఆర్‌పీఎంలో అది ఉందో లేదో అన్నట్టే ఉంటాది కాబట్టి స్టాక్ బండి నడిపినట్టే. హోండా కే సిరీస్‌కి బయట దేశాల్లో రోట్రెక్స్ అనే సెంట్రిఫ్యూగల్ యూనిట్లతో కిట్లు ఉన్నాయి, దాని ఆయిల్ దానిదే, దాని కూలర్ దానిదే, ఇంజన్ ఆయిల్‌తో సంబంధం లేదు. అయితే అవి సీఆర్‌వీకి నేరుగా కూర్చోవు, బ్రాకెట్ పని ఉంటాది, అది ముందే అడుగు. కింద లాగుడు టైరు మార్చి సంపాదించు, పైన లాగుడు దానికి వదిలెయ్.

ఒక సంగతి చెప్తా. మావాడొకడు వేరే పెట్రోల్ ఎస్‌యూవీకి ఇక్కడే ఒక గ్యారేజ్‌లో బ్లోయర్ పెట్టించినాడు, రెండు రోజుల్లో చేసిచ్చేస్తాం సార్ అన్నారు, చేసిచ్చేసినారు కూడా. హెబ్బాళ్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బ్రహ్మాండంగా పోతాందని మురిసిపోయినాడు. తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు ఊరికే ప్లగ్గులు తీసి చూసినా. నడిమి తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్యలో ఎండకి తిప్పితే తళుక్కుమనే సన్న సన్న పూసలు. ఆ పూసలు పిస్టన్ అల్యూమినియం. నాకింగ్ వాడికి వినపడలా, ఏసీ, పాటలు, రోడ్డు రొద. పైన పిస్టన్ అంచు తినేసుకుంటా ఉంది. అందుకే చెప్తాండా, నాక్ సెన్సర్ కొత్తది వేయించు, మొదటి కొన్నాళ్ళు ప్రతి పెద్ద ట్రిప్ తర్వాత ప్లగ్గులు తీసి చూడు, అంతకన్నా ఖరీదైన గేజ్ లేదు. ట్యూనర్‌ని అడగాల్సిన ప్రశ్న ఎంత పవర్ వస్తాది అని కాదు, గాలి 60 డిగ్రీలు దాటితే టైమింగ్ ఎంత తీసేస్తావు అని. దానికి తడుముకోకుండా జవాబు చెప్తేనే తాళం ఇయ్యి.

ఆ, క్లచ్. ఆ బండి క్లచ్ ఒకసారైనా మార్చినారా? బూస్ట్ వచ్చినాక మొదట చేతులెత్తేది అదే.

నల్లకోటు_తమ్ముడు:

మెకానికల్ నాకు తెలీదు కానీ కాగితాల సంగతి ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిలో మార్పు చేయకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ నాలుగో సబ్‌సెక్షన్‌లో ఓనర్‌కి ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకి ఐదు వేలు జరిమానా లేదా రెండూ. రోడ్డు మీద ఎంతమందిని ఆపుతున్నారు అనేది వేరే చర్చ. నన్నడిగితే అసలు భయం జరిమానా కాదు సార్, ఇన్సూరెన్స్. చెప్పకుండా ఇంజన్ మార్చారని సర్వేయర్ రాస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్ళకి దారి దొరికినట్టే, బండిలో కుటుంబం అంతా ఉంటుందన్నారు కాబట్టి చెప్తున్నా. పైగా మీకు 2029లో మళ్ళీ ఎఫ్‌సీ ఉంది, అప్పటికి స్టాక్ మానిఫోల్డ్, స్టాక్ ఈసీయూ, ఎయిర్‌బాక్స్ పారేయకుండా దాచుకోండి. ఇది చేయమనీ కాదు, వద్దనీ కాదు, తెలిసి చేయండి అని.

ఓఆర్‌ఆర్_బాధితుడు:

నేను మొదట్లనే చెప్పిన 😄 కానీ టైర్ల ముచ్చట మాత్రం మస్తు పట్టిండు బాబాయ్.

సీఆర్‌వీ_సీమ:

బాబాయ్, టైర్ల సంగతి చదివి ఇంటామెకి చూపిస్తే "నేను అప్పుడే చెప్తి కదా అవి వద్దని" అని మొదలుపెట్టింది, ఇంక నేనేం మాట్లాడేది. క్లచ్ ఒకసారి మార్చినాం, నాయన ఉన్నప్పుడే. పొద్దున గరగర శబ్దం నిజంగానే వస్తాది బాబాయ్, ఒక్క సెకనే, చలికి అనుకుంటి నేను.

సరే ఇప్పటికి ఇట్ల అనుకుంటాండా. దుబాయ్ బ్లోయర్ వద్దని బామ్మర్దికి చెప్పేసినా, వాడు అలిగినాడు, అది వేరే సంగతి. ముందు వీటీసీ, వాల్వ్ క్లియరెన్స్, లీక్‌డౌన్, క్యాట్ చూపిస్తా. టైర్లు పాత సైజు. ఇదంతా అయినాక కూడా ఘాట్‌లో చాలదనిపిస్తే అప్పుడు సెంట్రిఫ్యూగల్, 6 పీఎస్‌ఐ పుల్లీ, ఇంజన్ విప్పకుండా. ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే లెటర్ రాసి ఏమంటారో చూస్తా, వాళ్ళు కుదరదంటే మాత్రం ఆడికి ఆపేస్తా, పిల్లోళ్ళు ఉండే బండి. పంతులు గారూ, బాబాయ్ రూట్స్ వద్దంటాండాడు, మీరేమంటారు?

పిస్టన్_పంతులు:

బాబాయ్ గారు చెప్పింది మీ వాడకానికి సబబేనండి, ఆ టైర్ల ముక్క నేనూ చూడలేదు. ఒక్కటి మాత్రం చేయండి, ఏదీ కొనకముందు. చవకది ఒక ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ లెక్కలు ఫోన్‌కి పంపేది) పెట్టుకుని ఈసారి ఊరి నుంచి వచ్చేటప్పుడు గువ్వలచెరువు కింద నుంచి పైదాకా లాగ్ తీయండి, ఆర్‌పీఎం, థ్రాటిల్, ఇన్‌టేక్ గాలి వేడి, కూలంట్ వేడి, ఇగ్నిషన్ టైమింగ్, ఈ ఐదూ చాలు. అలాగే సిల్క్ బోర్డ్ దగ్గర ఒక సాయంత్రం. స్టాక్ ఇంజనే అక్కడ 60 డిగ్రీల గాలి పీలుస్తుంటే ముందు చేయాల్సింది ఎయిర్‌బాక్స్‌కి బయట గాలి తెచ్చే డక్ట్, రేడియేటర్ సర్వీస్. లారీ వెనక మీరు ఏ ఆర్‌పీఎంలో ఉంటున్నారో కూడా తేలిపోయిద్ది. 3,500 పైన ఉంటున్నారంటే సెంట్రిఫ్యూగల్ పనికొచ్చిద్ది, 2,200 దగ్గర మూడో గేర్లో తొక్కి కూర్చుంటున్నారంటే ముందు రెండో గేర్ వేయండి సార్, ఏమీ కాదు ఆ ఇంజన్‌కి, పైకి తిరగడానికే పుట్టింది.

సీఆర్‌వీ_సీమ:

హహ, మూడో గేర్లోనే ఉంటా నేను, రెండో గేర్ వేస్తే ఆ శబ్దానికి అమ్మ భయపడ్తాదని. సరే, మేలో పోతాండాం, లాగ్ తీసి ఇక్కడే పెడతా. బాబాయ్, జేసీ రోడ్‌లో లీక్‌డౌన్ టెస్టర్ బాడుగకి ఎవరిస్తారు, మా మెకానిక్ దగ్గర కాంప్రెషన్ గేజ్ ఒక్కటే ఉందంట.

జేసీరోడ్_బాబాయ్:

బాడుగ ఎందుకు సామీ, నా దగ్గరుంది. ఆదివారం పదింటికి వచ్చి తీస్కపో. టెస్ట్ చేసేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాల, ఒక్కో సిలిండర్ టాప్ డెడ్ సెంటర్‌కి తెచ్చి చెయ్యమను, గాలి యాడ నుంచి ఈలేస్తాందో చెవి పెట్టి వినమను, ఆయిల్ మూతలోనా, ఎగ్జాస్ట్‌లోనా, థ్రాటిల్ బాడీలోనా. రేడియేటర్‌లో బుడగలు వస్తే మాత్రం అక్కడికక్కడే నాకు ఫోన్ కొట్టు. ఆ వీటీసీ పార్ట్ నంబర్ కూడా రాసి తీస్కరా, అక్కడే అంగడిలో అడుగుదాం.